డీర్ క్యాంపుకు, గూస్ వేటకు పిలిచారు: మొదటిసారి వెళ్ళే తెలుగువాళ్ళకు నా సమాధానం

మీరు అడిగినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ దగ్గర ఉంటున్నారు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద. పక్కింటివాళ్ళు అక్టోబరులో తమ పొలంలో గూస్ (పెద్ద అడవి బాతు) వేటకూ, నవంబరులో ఉత్తరాన ఉన్న క్యాబిన్‌లో, అంటే వేటకు వెళ్ళినప్పుడు ఉండే చిన్న ఇంట్లో, జింకల వేటకూ మీ కుటుంబాన్ని రమ్మన్నారు. మీరు ఎప్పుడూ తుపాకీ పట్టలేదు. వీసాకు ఏమైనా ఇబ్బందా, పన్నెండేళ్ళ బాబును తీసుకెళ్ళొచ్చా, ఆ మాంసం తినొచ్చా, అసలు ఇది చెయ్యాల్సిన పనేనా, మాంసం ముట్టని మీ ఆవిడకు అక్కడ ఏం తోస్తుంది అన్నవి మీ సందేహాలు.

చాలా ఏళ్ళుగా ఈ రాష్ట్రంలోనే వేటాడుతున్నాను. ఇక్కడి మిత్రుల పక్కన కూర్చునే నేర్చుకున్నాను. నా సలహా ఒక్కటే: వెళ్ళండి. కానీ ఈ ఏడాది ఏదో ఒకటి కొట్టి తీరాలన్న ఆలోచన ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. ఇక్కడ క్యాబిన్‌కు పిలవడమంటే మొహమాటపు పిలుపు కాదు. తాతల నాటి నుంచి ఒకే మంచాల మీద పడుకునే మనుషులు, మీకోసం ఒక మంచం ఖాళీ చేస్తున్నారన్నమాట. ఆ నమ్మకం నిలబెట్టుకోవడం మొదటి సీజను పని. జింక రెండో సీజనులో దొరికినా నష్టం లేదు.

ముందు వీసా సంగతి. ఇది చాలామంది మనవాళ్ళకు తెలియదు. అమెరికా ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. స్నేహితుడి తుపాకీ కాసేపు చేతిలోకి తీసుకున్నా ఆ ప్రశ్న వస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది: ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. అందుకని వరుస తప్పకండి. ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. పక్కింటాయన "రేంజ్‌కు (తుపాకీ సాధన చేసే చోటుకు) వెళ్ళి నాలుగు తూటాలు కాల్చి చూద్దాం" అన్నా సరే, లైసెన్సు జేబులో పడ్డాకే. విస్కాన్సిన్ లైసెన్సులు మార్చి 31తో ముగుస్తాయి. గడువు తీరిన లైసెన్సుతో మినహాయింపు ఉండదని గుర్తుంచుకోండి. సొంతంగా తుపాకీ కొనే ఆలోచన ఉంటే మటుకు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా ముందుకు వెళ్ళొద్దు. మొదటి ఏడాదికి అరువు తుపాకీ చాలు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ చిక్కు లేదు. బాబు ఇక్కడ పుట్టి ఉంటే వాడికీ లేదు. హెచ్4 మీద ఉంటే వాడి లైసెన్సు వాడికి విడిగా ఉండాలి.

1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు విస్కాన్సిన్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. అది లేకుండా వెళ్ళడానికి మెంటర్డ్ హంటింగ్ అనే దారి ఉంది. అనుభవమున్న, లైసెన్సున్న ఒక పెద్దమనిషి మీకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఎప్పుడూ ఉండాలి. ఒక మెంటర్ ఒకసారికి ఒక్కరినే చూసుకోగలడు. కాబట్టి మీకొకరు, బాబుకొకరు కావాలి. పక్కింట్లో ఆ ఇద్దరున్నారో లేదో ఇప్పుడే అడగండి. నా మాట వింటే, ఈ ఏడాది మీరు మెంటర్‌తో వెళ్ళండి, బాబు ఊరికే మీతో కూర్చుని చూడనివ్వండి. చలికాలంలో ఇద్దరూ కలిసి కోర్సు చెయ్యండి. తండ్రీ కొడుకులు ఒకే బల్ల మీద కూర్చుని నేర్చుకున్నది వాడికి బాగా గుర్తుంటుంది. కోర్సులో నాలుగు సూత్రాలు బట్టీ పట్టిస్తారు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, గొట్టం ఎప్పుడూ ఎవరికీ ప్రమాదం లేని దిక్కుకే ఉంచు, గురినీ, గురి వెనకాల ఏముందో దాన్నీ ఖాయం చేసుకో, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంచు. ఇవి రాకుండా నా పక్కన ఎవరినీ కూర్చోనివ్వను, ఎంత దగ్గరివాళ్ళయినా.

రెండు పిలుపుల్లో గూస్ వేటకు ముందు వెళ్ళండి. సీజను వరుస కూడా అదే. కొత్తవాళ్ళకు అది మంచి బడి. నలుగురు పక్కపక్కన పడుకుని ఉంటారు, పక్షులు లేనప్పుడు మాట్లాడుకోవచ్చు, తప్పు చేస్తుంటే పక్కవాళ్ళు ఆపగలరు. జింకల వేటలో గంటల తరబడి నోరు మూసుకుని కూర్చోవాలి, అందులో మొదటిసారే కూర్చోవడం కష్టం.

గూస్ వేట అసలు పని ముందురోజు సాయంత్రం మొదలవుతుంది. కోసేసిన మొక్కజొన్న పొలాల్లో ఏ మూల దిగుతున్నాయో కారులోంచి చూసి పెట్టుకుంటారు. మర్నాడు చీకట్లో సరిగ్గా అక్కడే డెకాయ్‌లు, అంటే గూస్ బొమ్మలు, పెడతారు. ఏ పక్షికైనా దిగేటప్పుడు గాలి ఎదురుగా కావాలి. అందుకని గాలి మన వీపు మీదుగా వీచేలా పడుకుని, బొమ్మల్ని రెండు చేతులు చాచినట్టు పరిచి, మధ్యలో ఖాళీ వదులుతాం. వచ్చిన గుంపు ఆ ఖాళీలో దిగాలని చూస్తుంది. గూస్ కూత వినిపించే పీక ఊదడం మీకు ఇప్పుడే వద్దు. బాబు చేతికి నల్లజెండా ఇస్తారు. దూరంగా గుంపు కనబడినప్పుడు దాన్ని రెక్కల్లా ఆడించడం వాడి పని. వాడు ఆ ఉదయాన్ని మరిచిపోడు.

కెనడా గూస్ పెద్ద పక్షి, దాంట్లో పెద్ద జాతి ఐదు కిలోల పైన కూడా తూగుతుంది. ఆ ఆకారం చూసి దగ్గరకొచ్చేసిందని కొత్తవాళ్ళు అనుకుంటారు, నిజానికి అరవై గజాల పైన ఉంటుంది. కాళ్ళు కిందికి చాపి, రెక్కలు గిన్నెలా వంచి దిగుతున్నప్పుడు మాత్రమే, ముప్ఫై ముప్ఫై అయిదు గజాల్లోపే కాల్చాలి. ఎప్పుడు కాల్చాలో ఒక్కరే చెప్పాలి. ఆ మాట వినబడేదాకా ఎవరూ లేవకూడదు. మీ ముందున్న ముక్క ఆకాశమే మీది. పక్కవాళ్ళ తల మీదుగా తుపాకీ తిరగకూడదు. దెబ్బ తగిలి పడిన పక్షిని వెంటనే వెతికి పట్టుకోవాలి, తర్వాతి గుంపు వస్తున్నా సరే. దాన్ని వదిలేసి మళ్ళీ పొజిషన్ తీసుకునేవాళ్ళతో నేను రెండోసారి వెళ్ళను.

దీనికి కాగితాలు కొంచెం ఎక్కువ. స్మాల్ గేమ్ (చిన్న జంతువులు, పక్షుల వేట) లైసెన్సు, పదహారేళ్ళు నిండినవాళ్ళకు ఫెడరల్ డక్ స్టాంపు (నీటి పక్షుల వేటకు కొనాల్సిన స్టాంపు), రాష్ట్ర వాటర్‌ఫౌల్ (నీటి పక్షుల) స్టాంపు, హిప్ రిజిస్ట్రేషన్ అనే వలస పక్షుల వేటగాళ్ళ నమోదు; గూస్ పర్మిట్ సంగతి ఆ ఏటి నియమాల పుస్తకంలో చూసుకోండి. వలస పక్షులు ఫెడరల్ చట్టం కిందికొస్తాయి, 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం దీనికి మూలం. సీసపు గుళ్ళు నీటి పక్షుల మీద 1991 నుంచి దేశమంతటా నిషేధం, స్టీలు లాంటి విషం లేని గుళ్ళే వాడాలి. పన్నెండో గేజ్ (గొట్టం కొలత) తుపాకీలో మూడంగుళాల తూటా, బీబీ లేదా రెండో నంబరు సైజు గుళ్ళు సరిపోతాయి. తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ (అడ్డు కడ్డీ) వెయ్యాలి. సూర్యోదయానికి అరగంట ముందు మొదలు, సూర్యాస్తమయంతో ఆఖరు. తేడా తెలియని చోట మనవాళ్ళు పొరబడేది ఒకటుంది: రోజుకు ఎన్ని గూస్‌లు కొట్టవచ్చన్న లెక్క ఎవరిది వాళ్ళదే. మీ వంతు పూర్తయ్యాక పక్కవాళ్ళ వంతు మీరు కొట్టకూడదు. తుపాకీతో చేసే జింకల వేటలో మాత్రం, ఒకరికొకరు కనబడేంతో వినబడేంతో దూరంలో ఉన్న బృందంలో ఒకరి అనుమతి మీద ఇంకొకరు కొట్టడానికి విస్కాన్సిన్ ఒప్పుకుంటుంది. ఇంకా, ఇంటికి తెచ్చేదాకా ప్రతి పక్షికీ తల గానీ, ఈకలతో ఉన్న ఒక రెక్క గానీ అలాగే ఉంచాలి. కాలికి లోహపు రింగు ఉంటే దాని నంబరు పక్షుల రింగుల లెక్క చూసే బర్డ్ బాండింగ్ లాబొరేటరీకి తెలియజెయ్యండి. ఆ పక్షికి ఎక్కడ, ఏ ఏడు రింగు వేశారో తిరిగి చెప్తారు. బాబుకు చూపించండి.

ఇది చెయ్యాల్సిన పనేనా అని అడిగారు. ఆ ప్రశ్న వేసుకున్నందుకు మీ మీద గౌరవం కలిగింది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. తెలంగాణకు జింక రాష్ట్ర జంతువు, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక. ఆ చట్టం ఉండి తీరాలి. మన అడవులు, మన జంతువుల సంఖ్య, మన జనసాంద్రత వేరు. ఊళ్ళో ఎవరైనా దుప్పిని కొట్టారంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఇక్కడి లెక్క వేరు. దక్షిణ విస్కాన్సిన్‌లో తోడేళ్ళు ఎప్పుడో పోయాయి, పొలాలూ అడవులూ కలిసిన నేల జింకలకు స్వర్గం. మనుషులు తగ్గించకపోతే అవి అడవిలో చిన్న మొక్కల్ని పైకి రానివ్వవు, రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి, గడ్డు చలికాలంలో ఆకలితో చస్తాయి. అందుకే ఎక్కడ ఎన్ని కొట్టవచ్చో రాష్ట్రం ఏటా నిర్ణయిస్తుంది.

డబ్బు కూడా ఇక్కడి వేటగాళ్ళ నుంచే వస్తుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం పొడుగు తుపాకుల మీదా తూటాల మీదా వసూలు చేసే 11 శాతం పన్నును వన్యప్రాణుల పనికి మళ్ళించింది. 1934 నుంచి ఉన్న డక్ స్టాంపు ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడటానికీ పోతాయి. మీకు గంట దూరంలో ఉన్న హోరికాన్ మార్ష్ అనే చిత్తడి నేలకు శరదృతువులో ఒకసారి వెళ్ళి రండి. 33 వేల ఎకరాల నీరు, తుంగ. సాయంకాలం ఆకాశం నిండా గూస్‌లు. ఆ పెద్ద జాతి కెనడా గూస్ అంతరించిపోయిందనే చాలాకాలం అనుకున్నారు. 1962లో మిన్నెసోటా రాష్ట్రం రాచెస్టర్‌లో సిల్వర్ లేక్ మీద ఉన్న గుంపు అదేనని హెరాల్డ్ హాన్సన్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. ఇవాళ ఆఫీసు పార్కింగ్ స్థలాల్లో మన కార్లకు అడ్డంగా నడిచేవి అవే. వేటాడేవాళ్ళే వాటి నేలను కాపాడారన్నది నన్ను ఒప్పించిన విషయం. మీ మనసు ఒప్పకపోతే క్యాంపులో కూర్చుని టీ తాగండి, ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు నవంబరు. తుపాకీ సీజను తొమ్మిది రోజులు, థాంక్స్‌గివింగ్‌కు (నవంబరు నాలుగో గురువారం వచ్చే అమెరికా పండగకు) ముందొచ్చే శనివారం మొదలు, తర్వాతి ఆదివారం ఆఖరు. ఐదు లక్షలకు పైగా జనం లైసెన్సు తీసుకుంటారు. కాబట్టి అడవిలో మీరు ఒంటరి కాదన్న స్పృహ ఎప్పుడూ ఉండాలి. నడుము పైన వేసుకునే బట్టల్లో సగానికి తగ్గకుండా మెరిసే నారింజ రంగు గానీ, మెరిసే గులాబీ రంగు గానీ ఉండాలి, టోపీ కూడా అంతే. నేను మొత్తం నారింజే వేస్తాను. వాళ్ళ నేల హద్దులు మ్యాపులో చూసుకోండి. విస్కాన్సిన్‌లో బోర్డు లేకపోయినా సరే, అనుమతి లేకుండా ఇంకొకరి నేలలో అడుగుపెట్టడం చట్టవిరుద్ధం. దెబ్బ తగిలిన జింక పక్కవాళ్ళ నేలలోకి పోయినా ముందు వెళ్ళి తలుపు తట్టి అడగాలి.

ఇక్కడి వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకకు ముక్కే ప్రాణం. నవంబరు మొదట్లో, మధ్యలో మగజింకలు జత కోసం తిరుగుతూ కొంత ఏమరుపాటుగా ఉంటాయి, అయినా మనిషి వాసన తగిలితే నిలబడవు. గాలి ఎటు వీస్తోందో చూసి కూర్చునే చోటు ఎంచుకోవడం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. మన ఇళ్ళకు సంబంధించిన మాట ఒకటి: వేట బట్టల్ని ఇంట్లో బీరువాలో పెట్టకండి. పోపు వాసన, అగరొత్తుల వాసన జాకెట్‌లోకి దిగిపోతాయి. వాసన లేని సబ్బుపొడితో ఉతికి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో గరాజ్‌లో ఉంచి, అక్కడే వేసుకుని బయల్దేరండి. చలికి ఉన్ని లోదుస్తులు, వాటి మీద పొరలు పొరలుగా. నూలు వద్దు, తడిస్తే ప్రాణాంతకం. చెట్టు మీది స్టాండ్ (కూర్చునే మంచె) ఎక్కితే నేల వదిలిన క్షణం నుంచి హార్నెస్ (పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) తగిలించుకోవాలి. ఇక్కడ చెట్టు మీంచి పడటం వల్ల కుటుంబాలు కుప్పకూలడం మామూలుగా వినే వార్త. మొదటి ఏడాది నేల మీద గుడారం లాంటి బ్లైండ్‌లోనే కూర్చోండి.

కొందరు అడవిలో వరుసగా నడుస్తూ జింకల్ని తోలితే ఇంకొందరు ఎదురుగా కాపుకాస్తారు. దీన్ని డీర్ డ్రైవ్ అంటారు. ఎవరెక్కడున్నారో ఒక్క నిమిషం మరిచిపోయినా ప్రమాదం. కొత్తవాళ్ళు అందులో చేరకూడదని నా గట్టి అభిప్రాయం. పిలిస్తే మర్యాదగా వద్దనండి, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

కాల్చే విషయానికొస్తే: జింక పక్కకు తిరిగి నిలబడి ఉండాలి, ముందుకాలి వెనకాల, ఛాతీలో కింది మూడో వంతు మీ గురి. గుండె, ఊపిరితిత్తులు అక్కడున్నాయి. ఎదురుగా నిలబడినా, పరిగెత్తుతున్నా, వెనకాల ఏముందో కనబడకపోయినా వేలు కదపొద్దు. మెంటర్ పక్కన ఉండగా అరువు రైఫిల్‌తో రేంజ్‌లో ఎంత దూరం నుంచి ప్రతిసారీ అరచేయంత చోటులో తగిలించగలరో, అడవిలో కూడా అంత దూరమే మీ హద్దు. కాల్చాక వెంటనే పరిగెత్తకండి. జింక నిలబడిన చోటు, చివరిసారి కనబడిన చెట్టు గుర్తు పెట్టుకుని అరగంట ఆగండి. నెత్తురు లేత ఎరుపుగా, నురగతో ఉంటే ఊపిరితిత్తుల దెబ్బ. దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు రంగయితే కాలేయం, ఇంకొన్ని గంటలు ఆగాలి. పచ్చగా, దుర్వాసనతో ఉంటే పేగులు; కనీసం ఆరేడు గంటలు కదిలించకూడదు, తరిమితే మైళ్ళ దూరం పోయి బాధపడి చస్తుంది. ఈ ఓర్పు లేనివాళ్ళు వేటకు రాకూడదు.

దొరికాక అక్కడే పేగులు తీసి చల్లబరచాలి. క్యాంపులో అందరూ కలిసి చేసే పని ఇది. మర్నాడు సాయంత్రం ఐదు గంటల్లోపు గేమ్‌రెగ్ అనే రాష్ట్ర నమోదు వ్యవస్థలో నమోదు చెయ్యాలి.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల జబ్బు మాట మీకు క్యాంపులో వినిపిస్తుంది. విస్కాన్సిన్‌లో ఇది 2002లో బయటపడింది, అదీ మీరున్న డేన్ కౌంటీ చుట్టుపక్కల. ప్రియాన్ అనే పాడైన ప్రొటీన్ వల్ల జింక మెదడు దెబ్బతింటుంది. వంట వేడికి అది నశించదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు, కానీ పాజిటివ్ వచ్చిన జింకను తినవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. జింక తల, కొంత మెడతో సహా, రాష్ట్రం పెట్టిన పెట్టెల్లో వదిలితే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఫలితం రావడానికి ఓ రెండు వారాలు పట్టొచ్చు. ఈలోగా మాంసం ఎముకల్లేకుండా తీసి, వెన్నెముక, మెదడు కొయ్యకుండా, ఆ జింకది విడిగా పేరు రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. పరీక్ష లేని జింక మాంసం నేను మా పిల్లలకు పెట్టను. సీసపు తూటా లోపల పొడిపొడిగా చెదురుతుంది కాబట్టి రాగి తూటాలు వాడే రైఫిల్ అడగండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నప్పుడు.

వండటంలో మనవాళ్ళు ఒక్క విషయం మార్చుకోవాలి. జింక మాంసంలో కొవ్వు చాలా తక్కువ, మేక మాంసంలా అన్ని ముక్కల్నీ ఒకే గిన్నెలో ఉడికిస్తే పీచు మిగులుతుంది. మెడ, కాళ్ళ పిక్కలు కుక్కర్‌లో ఎక్కువ విజిళ్ళకు పెట్టి గోంగూరతో ఇగరబెట్టండి, అమోఘంగా ఉంటుంది. వెన్ను పక్కనుండే బ్యాక్‌స్ట్రాప్‌ను మటుకు మిరియాలు, ఉప్పు రాసి వేడి పెనం మీద రెండు వైపులా కొద్ది నిమిషాలు, అంతే. ఖీమాకు కొంచెం వేరే కొవ్వు కలపాలి. గూస్ రొమ్ము కూడా పెనం మీదే, కాళ్ళు మాత్రం గంటలకొద్దీ సన్నమంట మీద. గూస్ తినేటప్పుడు నెమ్మదిగా నమలండి, స్టీలు గుండు పంటి కింద పడితే పన్ను విరుగుతుంది. తర్వాతి ఏడు క్యాంపుకు ఒక సీసాడు జింక మాంసం పచ్చడి పట్టుకెళ్ళండి. నేను తీసుకెళ్ళింది మొదటి రాత్రే ఖాళీ అయ్యింది, ఇప్పుడు ముందే ఫోన్ చేసి అడుగుతారు.

మీ ఆవిడ గురించి బెంగ వద్దు. ఈ క్యాంపుల్లో వేటాడే ఆడవాళ్ళూ ఉంటారు, తుపాకీ ముట్టనివాళ్ళూ ఉంటారు. సాయంత్రం యూకర్ అనే పేకాట, పొయ్యి దగ్గర కబుర్లు, థాంక్స్‌గివింగ్ వంటలు. ఆవిడ మాంసం తినరని ముందే చెప్పండి. ఓ పెద్ద గిన్నెడు పులిహోర కలుపుకుని వెళ్తే పొద్దున్నే నాలుగింటికి లేచేవాళ్ళకు కూడా ఫలహారమవుతుంది. తాగడం మాత్రం తుపాకులన్నీ ఖాళీ చేసి లోపల పెట్టాకే మొదలవ్వాలి. మంచి క్యాంపులన్నిటిలో ఈ నియమం ఉంటుంది. అది లేని క్యాంపు అయితే మొదటి సాయంత్రమే పిల్లాణ్ణి తీసుకుని వచ్చెయ్యండి.

ఈ వారంలోనే పక్కింటాయన్ని నాలుగు విషయాలు అడగండి: మెంటర్‌గా ఎవరుంటారు, నేను కూర్చునే చోటు ఎక్కడ, నాకిచ్చే తుపాకీ ఏది, ఆగస్టులో స్టాండ్లు బాగుచేసేటప్పుడూ కట్టెలు కొట్టేటప్పుడూ నేను సాయానికి రావచ్చా. నాలుగోది అడిగితే మిగతా మూడిటికీ ఆయనే తీరిగ్గా కూర్చుని జవాబు చెప్తాడు.